నడుస్తున్న కంప్యూటరుకు కాలం చెల్లిందంటే ఏమిటి?

(పాల సంఘాల అధ్యక్షులు, కార్యదర్శుల శిక్షణ తరగతిలో సమాఖ్య కంప్యూటరు విభాగం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



కొన్నాళ్ళుగా మా విభాగానికి వస్తున్న ఉత్తరాలలోను, ఫోనులలోను ఒకే ప్రశ్న మళ్ళీ మళ్ళీ వినబడుతున్నది. "కంప్యూటరు బాగానే నడుస్తున్నది. తూకం తీసుకుంటున్నది, వెన్నశాతం చూపుతున్నది, చీటీ ఇస్తున్నది. ఐతే ఈ విండోస్‌కు సపోర్టు ఆగిపోయిందని తెరమీద రాస్తున్నది. ఏమి చేయమంటారు?" అని. కొన్ని సంఘాలు ఎవరినీ అడగకుండానే నిల్వనిధి నుండి సొమ్ము తీసి కొత్త కంప్యూటర్లు కొన్నాయి. మరికొన్ని సంఘాలవారు ఆ హెచ్చరిక కనబడగానే దాన్ని మూసివేసి యథాప్రకారం పని చేసుకుపోతున్నారు. ఈ రెండు దారులలో దేనినీ మేము మెచ్చలేము. మొదటిదానిలో సభ్యుల సొమ్ము పోతుంది. రెండవదానిలో సభ్యుల లెక్కలు పోవచ్చు.

ముందు ఈ సపోర్టు అనే మాట సంగతి చూద్దాము. కంప్యూటరు పెట్టె వేరు. తూకపు యంత్రాన్ని, పాల పరీక్ష యంత్రాన్ని, ప్రింటరును కలుపుకొని నడిపించే మూల ప్రోగ్రాము వేరు. ఆ మూల ప్రోగ్రామును ఆపరేటింగ్ సిస్టమ్ అంటారు. మన సంఘాలలో ఎక్కువచోట్ల అది మైక్రోసాఫ్టు వారి విండోస్. పాల బిల్లుల ప్రోగ్రాము, బ్యాంకు వెబ్‌సైటు తెరిచే బ్రౌజరు, జమాఖర్చుల ప్రోగ్రాము - ఇవన్నీ దానిమీద ఆధారపడి పనిచేసేవి. విండోస్ ఎక్స్.పి. 2001 అక్టోబరులో వచ్చింది. 2014 ఏప్రిల్ 8తో దానికి సపోర్టు ఆగింది. 2009లో వచ్చిన విండోస్ 7కు 2020 జనవరి 14న ఆగింది. 2015లో వచ్చిన విండోస్ 10కి 2025 అక్టోబరు 14న ఆగింది. ఆగినంత మాత్రాన ఆ రాత్రికి కంప్యూటరు ఆరిపోదు. మర్నాడు తెల్లవారుజామున పాలు పోసినవారికి చీటీ వస్తూనే ఉంటుంది.

మరి ఆగిందేమిటి? గాలికుంటు టీకా సంగతి మీకు మేము చెప్పనక్కరలేదు. ఒకసారి వేయించాము గదా అని ఊరుకుంటే లాభం లేదు. ఆరునెలలకొకసారి వేయించవలసిందే. పైగా టీకాలోని వైరసు రకానికి, ఊళ్ళో తిరిగే రకానికి పొత్తు కుదరాలి. విండోస్‌లో కూడా లోపాలు పుట్టుకతోనే ఉంటాయి. వాటిలో ఒక్కొక్కటి బయటపడినప్పుడల్లా కంపెనీవారు సవరణ తయారుచేసి, నెలనెలా రెండవ మంగళవారంనాడు విడుదల చేస్తారు. సపోర్టు ఆగడమంటే ఆ సవరణలు రావడం ఆగడమే. గేదె పాలిస్తూనే ఉంటుంది గాని, టీకా వేసే మనిషి ఆ ఊరు రావడం మానేస్తాడు.

ఇది ఊరికే భయపెట్టడానికి చెప్పే మాట కాదు. 2017 మే 12న వాన్నక్రై అనే దొంగ ప్రోగ్రాము ప్రపంచం మీద పడింది. 150 దేశాలలో రెండు లక్షలకు పైగా కంప్యూటర్లలోని కాగితాలకు తాళం వేసి, తాళం తీయడానికి డబ్బు అడిగింది. ఇంగ్లండు ప్రభుత్వ ఆసుపత్రుల సంస్థలు 236 ఉండగా కనీసం 81 సంస్థల పని దెబ్బతిన్నది. శస్త్రచికిత్సలు వాయిదా పడ్డాయి. మన ఆంధ్రప్రదేశ్‌లో కొన్ని పోలీసు కార్యాలయాల కంప్యూటర్లకు కూడా అది తగిలింది. ఆ లోపానికి మైక్రోసాఫ్టువారు సవరణను అంతకు రెండు నెలల ముందే, మార్చి 14ననే విడుదల చేశారు. ఎక్స్.పి. వారికి మాత్రం అప్పుడు ఇవ్వలేదు. గడువు తీరి మూడేళ్ళయింది గనుక. ఉపద్రవం వచ్చిపడ్డాక ప్రత్యేకంగా పంపారు.

ఇక్కడ ఒక సంగతి గమనించవలెను. ఆ ఇంగ్లండు ఆసుపత్రులపై విచారణ జరిపినప్పుడు, దెబ్బతిన్న కంప్యూటర్లలో ఎక్కువ భాగం ఎక్స్.పి.వి కావని, అప్పటికి సపోర్టు ఉన్న విండోస్ 7వే అని తేలింది. సవరణ వచ్చింది గాని దాన్ని వేసుకోలేదు. పశువైద్యశాల ఐస్‌పెట్టెలో టీకా ఉండగా పశువును కట్టుకొయ్య దగ్గరే ఉంచుకున్నట్లన్న మాట. కాబట్టి కొత్త కంప్యూటరు కొన్నంత మాత్రాన గట్టెక్కామనుకోవద్దు.

ఇప్పుడు అసలు చిక్కుకు వస్తాము. విండోస్ కంపెనీ తప్పుకున్న తరువాత మిగతా ప్రోగ్రాముల వాళ్ళు కూడా ఒకరి వెనుక ఒకరుగా తప్పుకుంటారు. గూగుల్ వారి క్రోమ్ బ్రౌజరు 2016 ఏప్రిల్‌లో ఎక్స్.పి.ని వదిలింది. 2023 ఫిబ్రవరిలో వచ్చిన 110వ కూర్పు నుండి విండోస్ 7నూ, 8నూ వదిలింది. క్రోమ్ లోపలి భాగాన్నే తీసుకొని తమ ప్రోగ్రాములు కట్టుకున్నవాళ్ళు చాలామంది ఉన్నారు. కంప్యూటరు ఆటలు అమ్మే స్టీమ్ అనే పెద్ద సంస్థ వారిలో ఒకటి. తమ ప్రోగ్రాములో ఇమిడి ఉన్న క్రోమ్ పాత విండోస్‌లో ఇక పనిచేయదు గనుక తామూ మానుతున్నామని చెప్పి, 2024 జనవరి 1న వారు ఆపివేశారు. ప్రోగ్రాములు రాసే భాషల సంగతీ అంతే. పైథాన్ భాష 2020లో 3.9వ కూర్పుతో విండోస్ 7ను వదిలింది. గో అనే భాష 2023లో వదిలింది. రేపు మీ పాల బిల్లుల ప్రోగ్రాము రాసే చిన్న కంపెనీ ఆ పనిముట్లనే వాడుతున్నదనుకోండి, పాత విండోస్ మీద పనిచేయించాలని దానికి మనసున్నా చేతకాదు.

మేము కూడా సంఘాలకోసం చిన్న చిన్న ప్రోగ్రాములు రాయించేవాళ్ళమే గనుక ఆ పక్షం కూడా చెప్పాలి. ఒక ప్రోగ్రాము నాలుగు రకాల విండోస్‌లలో నడవాలంటే, అందులో చేసిన ప్రతి చిన్న మార్పునూ నాలుగింటిలోనూ వేసి చూడాలి. ఒకదానిలో సరిగా ఉన్న చీటీ ముద్రణ మరొకదానిలో పక్కకు జరుగుతుంది. వాడేవారు నూటికి ఇద్దరు కూడా లేని పాత దానికోసం పనిరోజులలో సగం పోతాయి. ఉచితంగా పంచేవారు కూడా ఇదే చేస్తున్నారు. లినక్స్ రకాలలో పేరుపొందిన ఉబుంటు 2017 అక్టోబరు కూర్పు నుండి పాత 32 బిట్ల కంప్యూటర్లకు డెస్క్‌టాప్ కూర్పు ఇవ్వడం మానివేసింది. ఓపికకు పేరుపడ్డ డెబియన్ వారు సైతం 2025 ఆగస్టులో వచ్చిన 13వ కూర్పును 32 బిట్ల యంత్రాలలో కొత్తగా ఎక్కించే వీలు లేకుండా చేశారు. వారికి మన దగ్గర అమ్ముకునేదేమీ లేదు. కాబట్టి పాతదాన్ని వదలడమంతా లాభాపేక్షే అనడం న్యాయం కాదు. అన్నట్లు ఇంకొందరున్నారు - ఫైర్‌ఫాక్స్ బ్రౌజరు వారు విండోస్ 7 వాడేవారికోసం 115వ కూర్పును విడిగా ఉంచి, గడువు పలుమార్లు పొడిగించారు. అటువంటి వారు కొద్దిమందే.

ఐతే విండోస్ 11 విషయంలో జరిగింది మాకు న్యాయంగా తోచడం లేదు. 2021 అక్టోబరులో వచ్చిన ఆ విండోస్ ఎక్కాలంటే టి.పి.ఎం. 2.0 అనే భద్రతా చిప్పు ఉండాలి. ఇంటెల్ ప్రాసెసరు ఐతే, ఒకటి రెండు మినహాయింపులు తప్ప, ఎనిమిదవ తరానిది గాని ఆపైది గాని కావాలన్నారు. 2017లో కొన్న ఏడవ తరపు కంప్యూటర్లు మన సంఘాలలో ఉన్నాయి. వాటిలో చాలావాటికి ఆ చిప్పు సదుపాయం ఉన్నది, జ్ఞాపకశక్తి చాలినంత ఉన్నది, వేగానికీ లోటు లేదు. ఐనా జాబితాలో లేవు గనుక పనికిరానివన్నారు. ఈతకు వచ్చిన చూడిగేదెను వట్టిపోయినదని సంతలో కట్టివేయమన్నట్లు ఉన్నది ఇది. గడువు తరువాత కూడా విండోస్ 10కి సవరణలు కావాలంటే సంస్థలు యంత్రానికి మొదటి సంవత్సరం 61 డాలర్లు, రెండవ సంవత్సరం దానికి రెట్టింపు, మూడవ సంవత్సరం మళ్ళీ రెట్టింపు కట్టాలి. రెండవ ఏట చేరినా మొదటి ఏటిది కూడా వసూలు చేస్తారు. మూడేళ్ళకు 427 డాలర్లు. మన రూపాయలలో ముప్పై అయిదు వేలు దాటుతుంది. ఆ సొమ్ముతో కంప్యూటరే వస్తుంది. ఏ సంఘమూ మూడేళ్ళూ కట్టవద్దనే మా సలహా.

మన సంఘాలకు ఉన్న ప్రత్యేక చిక్కు ఇంకొకటి ఉన్నది. దాన్ని పట్నం దుకాణదారు ఎరగడు. మన తూకపు యంత్రాలు, పాత పరీక్ష యంత్రాలు తొమ్మిది పిన్నుల సీరియల్ తీగతో కంప్యూటరుకు కలుస్తాయి. ఇప్పుడు వచ్చే కంప్యూటర్లలో చాలావాటికి ఆ రంధ్రం ఉండదు. యు.ఎస్.బి. మార్పిడి తీగ ఒకటి కొని తగిలిస్తారు. ఆ తీగలలో ఎక్కువగా కనబడేది పి.ఎల్.2303 అనే చిప్పు. దానిలో పాత రకాలను తయారుచేసినవారే వదిలివేశారు. కొత్త విండోస్‌లో ఆ తీగ పెడితే తీగ కనబడుతుంది, పనిమాత్రం చేయదు. ఈ రకం 2012 నుండి ఆగిపోయింది, అమ్మినవారిని అడగండి అని రాస్తుంది. తూకపు యంత్రం చెడిపోయిందని మీరనుకుంటారు. చెడిపోలేదు. మూడు నాలుగు వందల రూపాయల తీగ మార్చితే సరిపోతుంది.

ఈ మధ్య ఒక సంఘంలో అక్షరాలా ఇదే జరిగింది. సంఘం పేరు చెప్పనక్కరలేదు. వారి విండోస్ 7 కంప్యూటరులో ఒకరోజు బ్యాంకు వెబ్‌సైటు తెరుచుకోలేదు. కార్యదర్శి సభ్యుల జాబితాను చేతితో రాసుకొని మండల కేంద్రంలోని నెట్ సెంటరుకు వెళ్ళి సొమ్ము జమ చేయించసాగాడు. పదిహేను రోజుల పాల బిల్లు ఆరు రోజులు ఆలస్యమైంది. ఆ సంఘంలో సగానికి పైగా ఆడవారి పేరుమీద ఖాతాలు. దాణా అప్పు, గేదె కొన్న అప్పు వాయిదాలు పాల బిల్లు మీదే నడుస్తాయి. ఇద్దరు ముగ్గురు సభ్యులు పాలు ప్రైవేటు సేకరణదారుకు పోయడం మొదలుపెట్టారు. అతను రేటు తక్కువిచ్చినా చేతిలో డబ్బు పెడతాడు గదా. యంత్రాలు అమ్మినవారిని పిలిస్తే కంప్యూటరు, పరీక్ష యంత్రం, తూకం, ప్రోగ్రాము అన్నీ కలిపి మార్చాలన్నారు. లక్ష రూపాయలు దాటిన అంచనా ఇచ్చారు.

మావాళ్ళు వెళ్ళి చూస్తే తూకం, పరీక్ష యంత్రం నిక్షేపంగా ఉన్నాయి. ఆగింది బ్రౌజరు ఒక్కటే. బ్యాంకు వెబ్‌సైట్లకు, బ్రౌజరుకు మధ్య నడిచే మాట రహస్య లిపిలో ఉంటుంది. ఆ లిపి పాత పద్ధతులను 2020లో బ్రౌజర్లన్నీ వదిలివేశాయి, బ్యాంకులూ వదిలివేశాయి. పాత బ్రౌజరు మాట్లాడేది కొత్త వెబ్‌సైటుకు పట్టదు. చివరకు చేసిందేమంటే, పాత కంప్యూటరుకు నెట్ తీగ పీకివేసి పాల సేకరణకు మాత్రమే ఉంచారు. బ్యాంకు పనికి వాడిన కంప్యూటరు ఒకటి కొని విడిగా పెట్టారు. బిల్లుల జాబితా ఒకే ఒక పెన్‌డ్రైవులో దీనినుండి దానికి వెళుతుంది. ఆ పెన్‌డ్రైవును సినిమా పాటలకు, ఫోటోలకు వాడకూడదని బీరువాలో పెట్టి తాళం వేశారు. అంచనాలో అయిదవ వంతు కూడా ఖర్చు కాలేదు.

అన్ని సంఘాలకూ ఇదే మందని మేము అనడం లేదు. ఐతే ఆలోచించే తీరు ఇదే కావాలి. ఏ పనికి నెట్ కావాలి, ఏ పనికి అక్కరలేదు అని ముందు విడదీయండి. పాలు తూచడానికి, వెన్నశాతం రాయడానికి, చీటీ ముద్రించడానికి నెట్ అక్కరలేదు. గడువు తీరిన విండోస్ ఆ పని ఇంకా కొన్నేళ్ళు చేయగలదు. బ్యాంకు, మెయిలు, జిల్లా యూనియనుకు లెక్కలు పంపడం - ఈ పనులకు మాత్రం సపోర్టు ఉన్న యంత్రమే వాడాలి. ఇందులో బేరం లేదు. బ్యాంకులు తమ ఎ.టి.ఎం.లను గడువు తీరిన విండోస్ మీద నడపడం 2019 జూన్ లోగా పూర్తిగా మానాలని రిజర్వుబ్యాంకు 2018 జూన్‌లోనే ఆదేశించవలసి వచ్చింది. అంతంత బ్యాంకులే తాత్సారం చేశాయంటే మన సంఘాలను తప్పుపట్టలేము.

బ్యాంకు పనికి వాడే పాత విండోస్ 10 యంత్రాన్ని మార్చలేనివారు అందులో లినక్స్ వేయించవచ్చు. డెబియన్ 12కు 2028 జూన్ వరకు సవరణలు వస్తాయి. డబ్బు కట్టనక్కరలేదు. కాకపోతే విండోస్ కోసం రాసిన పాల ప్రోగ్రాము అందులో నేరుగా నడవదు. కాబట్టి తూకపు బల్ల దగ్గరి యంత్రంలో అది వేయించవద్దు. డాస్ కాలపు బిల్లుల ప్రోగ్రాము ఇంకా వాడుతున్న సంఘాలు రెండు మూడు ఉన్నాయి. విండోస్ 11 పూర్తిగా 64 బిట్లది గనుక అది అందులో నేరుగా నడవదు. ఆ సంఘాలవారు ఈ తరగతి ముగిసిన తరువాత మమ్మల్ని విడిగా కలవవలసిందని కోరుతున్నాము.

యంత్రం కంటే ముఖ్యమైనది లెక్క. పదేళ్ళుగా ఎవరెన్ని లీటర్లు పోశారో, ఎంత బోనసు రావాలో ఆ ప్రోగ్రాములో ఉన్నది. ప్రోగ్రాము రాసిన కంపెనీ మూతపడితే, లేదా మీ విండోస్‌ను వదిలివేస్తే, ఆ లెక్కను బయటికి తీసే తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుంది? ఈ ప్రశ్న కొనేముందే అడగాలి. ఫాక్స్‌ప్రోలో రాసిన ప్రోగ్రాములైతే కొంత మేలు. మైక్రోసాఫ్టు వారు దానికి 2015 జనవరిలోనే సపోర్టు ఆపినా, అందులోని డి.బి.ఎఫ్. పట్టికలను లిబ్రె ఆఫీసు వంటి ఉచిత ప్రోగ్రాముతో నేటికీ తెరవవచ్చు. కొత్తవాటిలో కొన్ని తమ పట్టికలకు సంకేతపదం వేసి మీకివ్వవు. సభ్యుల పేర్లు యూనికోడులో లేకుండా పాత తెలుగు ఫాంట్లలో ఎక్కించి ఉంటే మరో తంటా. కొత్త యంత్రంలో లక్ష్మమ్మ పేరు ఇంగ్లీషు అక్షరాల గుట్టగా కనబడుతుంది. కాబట్టి నెల ముగిసిన వెంటనే సభ్యులవారీ ఖాతాను సాదా పట్టికగా, అనగా సి.ఎస్.వి. రూపంలో బయటికి తీసి ఉంచండి. ఒక ప్రతి కాగితం మీద ముద్రించి, అధ్యక్షుని సంతకంతో దస్త్రంలో పెట్టండి.

ఇకముందు కొనే ఒప్పందాలలో మూడు వాక్యాలు ఉండాలని సమాఖ్య తరఫున ప్రతిపాదిస్తున్నాము. ఈ ప్రోగ్రాము ఏ ఏ విండోస్‌లలో ఏ సంవత్సరం దాకా నడుస్తుందో అమ్మేవారు రాసివ్వాలి. మానదలచుకుంటే ఏడాది ముందు తెలియజేయాలి. లెక్కలన్నీ అడిగిన రోజున సాదా పట్టికగా ఇవ్వాలి. ఒక్క సంఘం అడిగితే నవ్వుతారు. ఒకే రేటు ఒప్పందంలో జిల్లా సంఘాలన్నీ కలిసి అడిగితే రాసిస్తారు. దాణా బస్తా ధర విషయంలో మనం ఇది చేసి చూశాము గదా.

ప్రసంగం తరువాత కొన్ని ప్రశ్నలు వచ్చాయి.

నెట్ తీగ తీసివేస్తే పూర్తిగా క్షేమమేనా అని ఒక కార్యదర్శి అడిగారు. పూర్తిగా కాదు. పెన్‌డ్రైవు ద్వారా వస్తుంది, చార్జింగుకని తగిలించిన ఫోను ద్వారా వస్తుంది. వైఫై కూడా ఆపివేయాలి. చాలామంది తీగ పీకి వైఫై మరచిపోతారు.

పట్నంలో పన్నెండు వేలకు వాడిన కంప్యూటర్లు ఇస్తున్నారు, తీసుకోవచ్చునా అని ఒక మహిళా సంఘం అధ్యక్షురాలు అడిగారు. తీసుకోవచ్చునమ్మా, కాని ప్రాసెసరు అంకె చదవనిదే తీసుకోవద్దు. ఐ5-7400 అని ఉంటే ఏడవ తరం, ఐ5-8400 అని ఉంటే ఎనిమిదవ తరం. గీత తరువాత వచ్చే మొదటి అంకె చూడాలి. పది, పదకొండు తరాలకైతే మొదటి రెండు అంకెలు. ఎనిమిదికి తక్కువైతే ధర ఎంత తగ్గించినా బ్యాంకు పనికి వద్దు. వెనుకవైపు తొమ్మిది పిన్నుల రంధ్రం ఉంటే వెయ్యి ఎక్కువైనా దానికే ఇవ్వండి. విండోస్ అసలుదా, దొంగదా అని రసీదు మీద రాయించుకోండి.

మరి పాతదాన్ని పాత సామాన్లవాడికి వేయవచ్చునా అని ఆమే మళ్ళీ అడిగారు. వద్దు. ముందు లోపలి హార్డ్‌డిస్కు విప్పించి సంఘం బీరువాలో ఉంచండి. సభ్యుల బ్యాంకు ఖాతాల నంబర్లన్నీ అందులో ఉంటాయి. మిగతా పెట్టెను 2022 నాటి ఇ-వ్యర్థాల నిబంధనల ప్రకారం నమోదైనవారికే అప్పగించి రసీదు తీసుకోవాలి. పదీ పన్నెండు సంఘాలవి కలిస్తే పాల క్యాన్ల వాహనం తిరుగు ప్రయాణంలో వాటిని శీతలీకరణ కేంద్రానికి చేర్చే ఏర్పాటు చేయమని జిల్లా యూనియనును అడిగాము. వారు సరేనన్నారు. సంఖ్యలు మీరు పంపాలి.